కెమెరా, నాకాబందీ, కౌన్సెలింగ్: హైదరాబాద్ పోలీసులను ఏమని కోరాలి?

హైదరాబాద్‌లో ఏ కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి పోలీసు అధికారిని పిలిచినా, ఆయన ముందు పెట్టే కోరికలు చాలావరకు రెండే ఉంటాయి. ఒకటి, పార్కు వెనక కుర్రాళ్లు గంజాయి తాగుతున్నారు, పట్టుకెళ్లండి. రెండోది, మెయిన్ రోడ్డు మీద రాంగ్ రూట్‌లో బళ్లు ఎదురొస్తున్నాయి, చలానాలు రాయండి. ఈ రెండింటికీ వినతిపత్రంలో మనం రాసే వాక్యం మాత్రం ఒక్కటే: "తగు కఠిన చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన." కఠిన చర్య అంటే కెమెరా చలానా కావచ్చు, రాత్రిపూట నాకాబందీ కావచ్చు, కోర్టు కేసు కావచ్చు, లైసెన్స్ రద్దు కావచ్చు, సరఫరాదారు ఆస్తుల జప్తు కావచ్చు, లేదా వ్యసనపరుణ్ణి ఆసుపత్రికి పంపడమూ కావచ్చు. వీటిలో ఏది కావాలో మనం తేల్చి చెప్పనప్పుడు అధికారి తన చేతిలో ఉన్న సులువైన పని చేస్తారు. రెండు రోజులు స్పెషల్ డ్రైవ్ నడుస్తుంది, జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడుతుంది, ఆ తర్వాత వ్యవహారం యథాప్రకారం సాగుతుంది.

కాలనీ సంఘాల కార్యవర్గాలు, కళాశాల యాజమాన్యాలు, ఈడొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులు ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసుకుని, తమ పరిస్థితికి తగినదాన్ని ఎంచుకోవడానికి ఈ పోలిక ఉపయోగపడుతుందని ఆశ. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. శిక్ష ఎంత పెద్దదన్నది జనాన్ని మార్చదు. దొరకడం ఎంత ఖాయం, దొరికాక శిక్ష ఎంత త్వరగా పడుతుంది అన్నవే మారుస్తాయి. ఇటలీకి చెందిన న్యాయతత్వవేత్త బెకారియా 1764లోనే చెప్పిన ఈ మాటను తర్వాతి పరిశోధనలు చాలావరకు బలపరిచాయి. ఇది ట్రాఫిక్‌కు దాదాపు పూర్తిగా వర్తిస్తుంది. మత్తు పదార్థాల విషయంలో అమ్మేవాడికి వర్తిస్తుంది గానీ, అలవాటు పడి విడిపించుకోలేక కొనుక్కునేవాడికి వర్తించదు.

రెండు నేరాల స్వభావాలు

సిగ్నల్ దాటడం, హెల్మెట్ లేకపోవడం, ఎదురు దిశలో రావడం నడిరోడ్డు మీద, పట్టపగలు, అందరి కళ్ల ముందు జరుగుతాయి. చేసేవారిలో మనమూ ఉంటాం. ఆఫీసుకు ఆలస్యమైన ఉద్యోగి, బడి గంట కొట్టేలోపు పిల్లల్ని దించాలనుకునే తల్లి, ఆర్డరు సమయానికి అందించకపోతే రేటింగ్ పడిపోతుందని భయపడే డెలివరీ కుర్రాడు, వీళ్లంతా లెక్క వేసుకునే తప్పు చేస్తారు: ఇప్పుడు పోలీసు ఉన్నాడా, లేడా? సిగ్నల్ దగ్గర ఒక పావుగంట నిలబడి చూస్తే ఈ లెక్క కనిపిస్తుంది. మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ కూడలికి కొద్ది గజాల ముందు తలకెక్కుతుంది, కూడలి దాటగానే మళ్లీ మోచేతికి దిగుతుంది. అంత లెక్కగా నడుచుకునేవాణ్ణి మార్చాలంటే ఆ లెక్కలోని అంకెలను మార్చాలి.

మత్తు పదార్థాల వ్యవహారంలో ఫిర్యాదుదారుడే ఉండడు. కొన్నవాడూ చెప్పడు, అమ్మినవాడూ చెప్పడు. అందుకే పోలీసులు ఇన్ఫార్మర్ల మీద, సోదాల మీద, ఫోన్ల మీద ఆధారపడవలసి వస్తుంది. పౌరుల హక్కులకు, దర్యాప్తుకు మధ్య రాపిడి మొదలయ్యేది ఇక్కడే. పైగా ఈ ఒక్క మాట కింద నలుగురు వేర్వేరు మనుషులు ఉంటారు: సరదాకు ఒకసారి లాగి చూసిన విద్యార్థి, రోజూ లేకపోతే చేతులు వణికే వ్యసనపరుడు, తన ఖర్చు కోసం నలుగురికి పొట్లాలు అందించే చిల్లర పెడ్లర్, సరిహద్దుల నుంచి క్వింటాళ్లు తెప్పించే వ్యాపారి. నలుగురికీ ఒకే మందు వేయమని అడగడమే మన వినతిపత్రాల్లోని అసలు లోపం.

రోడ్డు మీద ఉన్న దారులు

మొదటిది కెమెరా చలానా. ఇక్కడ ఈ-చలానా కూడలిలో బిగించిన కెమెరా నుంచైనా వస్తుంది, పక్కన చెట్టు నీడన నిలబడి ఫొటో తీసే కానిస్టేబుల్ లేదా హోంగార్డు చేతిలోంచైనా వస్తుంది. దీని గొప్పతనం ముఖాముఖి బేరం లేకపోవడం. "ఫలానా సార్ మనోడే" అన్న ఫోన్ కాల్ కెమెరాకు వినపడదు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన 167ఎ నిబంధన ప్రకారం, ఎలక్ట్రానిక్ పర్యవేక్షణలో నమోదైన ఉల్లంఘనకు పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలి, కెమెరాలున్న దారిలో ముందుగా హెచ్చరిక బోర్డులు పెట్టాలి. ఇది వాహనదారుడికి రక్షణే గానీ, ఉద్దేశం అంతకంటే పెద్దది. శిక్ష గురించి ముందే తెలిసి, తప్పు చేసిన కొద్ది రోజుల్లోనే అది చేతికందితేనే తప్పుకూ శిక్షకూ ముడి పడుతుంది.

మన నగరంలో ఆ ముడి రెండు చోట్ల తెగింది. చలానా బండి యజమాని పేరున వెళ్తుంది గానీ నడిపినవాడికి వెళ్లదు. అది తెలిసిన కుర్రాళ్లు నంబర్ ప్లేటును పైకి వంచుతారు, చివరి అంకె మీద స్టిక్కర్ అతికిస్తారు, వెనక కూర్చున్నవాళ్లు చున్నీని ప్లేటు మీదికి జారవిడుస్తారు. రెండోది మరీ పెద్దది, అది ప్రభుత్వమే తెంపింది. 2022 మార్చిలో పెండింగ్ చలానాలపై రాయితీ ప్రకటించి, ద్విచక్ర వాహనదారులు నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ప్రకటించి, ద్విచక్ర వాహనాలకు ఎనభై శాతం, కార్లకు అరవై శాతం మాఫీ చేశారు, గడువునూ పొడిగించుకుంటూ పోయారు. ఖజానాకు వందల కోట్లు వచ్చిన మాట నిజమే. అయితే ఎప్పటికప్పుడు కట్టినవాడు పూర్తి మొత్తం కట్టాడు, కట్టకుండా కూర్చున్నవాడు ఇరవై శాతంతో బయటపడ్డాడు. ఇక రాబోయే చలానా వచ్చినప్పుడు ఎవరు కడతారు? నా దృష్టిలో ఈ రాయితీలు చేసిన నష్టాన్ని ఎన్ని కొత్త కెమెరాలు పెట్టినా పూడ్చలేము. కాబట్టి కెమెరా కావాలని అడిగే సంఘం దానితోపాటు బకాయిల వసూలు ఎలా చేస్తారో కూడా అడగాలి.

రెండోది నాకాబందీ, అంటే రోడ్డు మీద ఆపి చేసే తనిఖీ. హైదరాబాద్‌లో దీనికి ముఖం డ్రంక్ అండ్ డ్రైవ్. 2011 చివరి నుంచి క్రమం తప్పకుండా సాగుతున్న ఈ తనిఖీల్లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ తేలితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ; మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. కానీ ఈ అంకెల కంటే నాకు విలువైనదిగా కనిపించేది మధ్యలో ఉన్న ఒక మజిలీ. పట్టుబడినవారిని కోర్టుకు పంపే ముందు గోషామహల్ వంటి ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు కుటుంబ సభ్యుణ్ణి వెంటబెట్టుకుని రమ్మంటారు. ముప్పయ్యేళ్ల ఉద్యోగి తండ్రి పక్కన కూర్చుని, ప్రమాదాల దృశ్యాలు చూస్తూ, తన పేరు పిలిచేదాకా తల దించుకుని ఉండవలసి రావడం పది వేల జరిమానా కంటే బరువైన శిక్ష. చాలామంది జరిమానా గురించి అందరికీ చెప్పుకుంటారు, కౌన్సెలింగ్ గురించి ఎవరికీ చెప్పరు.

నాకాబందీ బలహీనత అది ఎక్కడ ఎప్పుడు ఉంటుందో ముందే తెలిసిపోవడం. శుక్ర, శనివారాల రాత్రి, అవే ఫ్లైఓవర్ల దిగువన, అవే పబ్బుల రోడ్లలో ఉంటుందని అందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపులో "ఫలానా చోట ఊదిస్తున్నారు" అన్న సందేశం పోలీసుల బారికేడ్ల కంటే ముందే చేరుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో మొదలుపెట్టిన యాదృచ్ఛిక శ్వాస పరీక్షలు ప్రపంచానికి నమూనాగా నిలిచాయి. అక్కడ అనుమానం ఉన్నా లేకున్నా ఆపిన ప్రతి డ్రైవరునూ పరీక్షించారు, ఏ వీధిలోనైనా ఏ గంటకైనా ఆపుతారన్న నమ్మకం కలిగించారు, రోడ్డు మరణాలు గణనీయంగా తగ్గాయి. మన చట్టంలోని 203వ సెక్షన్ మాత్రం తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉన్నప్పుడు ఊదించమంటుంది. ఆచరణలో ఈ పరిధిని సాగదీస్తున్నారు గానీ, అంతరం ఉన్నదని తెలిసి ఉండటం మంచిది. మరొకటి కూడా తెలిసి ఉండాలి. తాగినవాడి వెంట తాగని వ్యక్తి, లైసెన్స్ ఉన్నవాడు ఉంటే బండి అతడికి అప్పగించాలే గానీ స్వాధీనం చేసుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టం చేసింది.

2025 అక్టోబరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర తగలబడి పలువురు సజీవ దహనమైన ఘటనలో, మద్యం తాగి బైకు నడిపిన యువకుడి పాత్ర బయటపడ్డాక, నగర పోలీసు కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవారిని ఉగ్రవాదులన్నారు. ఆ ఆగ్రహం అర్థమవుతుంది. అయినా మాట ఎంత ఘాటుగా ఉన్నా, మంగళవారం మధ్యాహ్నం బార్ నుంచి బయటికొచ్చి బండి తీసేవాడికి తనను ఆపుతారన్న అనుమానం లేనంతకాలం ఆ మాట అతడి చెవికి చేరదు. అందుకే నాకాబందీ కోరేవారు "ఎక్కువ తనిఖీలు" అని కాకుండా "రోజు, వేళ, చోటు మారుస్తూ తనిఖీలు" అని కోరడం మేలు.

మూడోది లైసెన్స్ మీద చర్య. ఇక్కడ మన అనుభవం నిరుత్సాహకరం. 2017 ఆగస్టు 1 నుంచి పెనాల్టీ పాయింట్ల విధానం తెచ్చారు. ఇరవై నాలుగు నెలల్లో పన్నెండు పాయింట్లు చేరితే ఏడాదిపాటు లైసెన్స్ సస్పెన్షన్. ఆలోచన చక్కనిది, ఎందుకంటే డబ్బున్నవాడికి జరిమానా ఖర్చు మాత్రమే, లైసెన్స్ పోతే అది ఖర్చుతో తీరేది కాదు. కానీ చలానా బండికి, పాయింటు మనిషికి కావడంతో, ఎవరు నడిపారో తేల్చే ఏర్పాటు లేకుండా పాయింట్ల లెక్క నిలదొక్కుకోలేదు. మైనర్ల విషయంలో మాత్రం ఈ దారి ఇప్పటికీ పదునైనదే. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి ఇచ్చిన సంరక్షకుడు లేదా యజమాని మూడేళ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల జరిమానా ఎదుర్కోవాలి, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. జూనియర్ కాలేజీ గేటు ముందు బళ్ల వరుసలు చూసి బాధపడే ప్రిన్సిపాళ్లు ఈ ఒక్క సెక్షన్‌ను అడ్మిషన్ రోజున తల్లిదండ్రులకు చదివి వినిపిస్తే చాలు.

నాలుగోది పోలీసు చర్యే కాదు, రోడ్డు మార్పు. నేను అన్నిటికంటే ముందు దీన్ని చూడమంటాను. ఇటీవలి ఏళ్లలో చాలా కూడళ్లలో సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. దానివల్ల పెద్ద రోడ్డు మీద వాహనాలు ఆగకుండా సాగుతున్నాయి గానీ, కాలనీ నుంచి బయటికొచ్చి కుడివైపు వెళ్లవలసినవాడు ముందు ఎడమకు తిరిగి, యూటర్న్ దాకా వెళ్లి, అంత దూరమూ వెనక్కి రావాలి. ఆ దూరం ఎక్కువైన చోటల్లా రాంగ్ రూట్ పుట్టుకొస్తుంది. అక్కడ నెలంతా చలానాలు రాసినా అది జరిమానా కట్టించే స్థలంగానే మిగులుతుంది. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు మొదలుపెట్టిన ‘ఆపరేషన్ రోప్’ స్టాప్ లైన్, ఫ్రీ లెఫ్ట్, ఫుట్‌పాత్ ఆక్రమణల మీద దృష్టి పెట్టింది. గీత స్పష్టంగా ఉన్న చోట అది పనిచేసింది, గీతే చెరిగిపోయిన చోట వాదనలు మిగిలాయి. పోలీసులను చలానా అడిగే ముందు జీహెచ్ఎంసీని సున్నం గీత అడగాలి.

ఇక ఒక హెచ్చరిక. ఫొటో తీయడానికి వీలైన తప్పుకే ఎక్కువ శిక్ష పడుతుంది. హెల్మెట్ లేకపోవడం ఫొటోలో పడుతుంది, అతివేగం పడాలంటే లేజర్ గన్ కావాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు, అందులో 70 శాతానికి పైగా మరణాలకు అతివేగాన్నే కారణంగా చూపారు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుందనడంలో సందేహం లేదు. అయినా మీ రోడ్డు మీద మనుషులు చనిపోతున్నది వేగం వల్ల అయితే, హెల్మెట్ చలానాల సంఖ్య చూసి తృప్తి పడకూడదు.

మత్తు విషయంలో ఎవరిని పట్టుకోవాలి?

మన నగరంలో ఈ పని చేసే వ్యవస్థలు ఇటీవలి కాలంలో మారుతూ వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో నగర పోలీసుల కింద హెచ్-న్యూ అనే మత్తు నిరోధక విభాగం ఏర్పడింది, 2023లో రాష్ట్ర స్థాయిలో యాంటీ నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది, అదే 2025 జూన్ 26న ఈగల్‌గా పేరు మార్చుకుంది. ఆబ్కారీ శాఖకు తన దళాలు వేరే ఉన్నాయి. పౌరుడు గుర్తుంచుకోవలసిన నంబరు 1908.

వాడేవాళ్లను పట్టుకోవడం అన్నిటికంటే కంటికి కనిపించే పద్ధతి. 2021 అక్టోబరులో పాత నగరం వైపు పోలీసులు దారిన పోయేవారిని ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతికిన వీడియోలు బయటికొచ్చినప్పుడు దేశమంతా విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలు న్యాయమైనవే. ఒక రోజంతా వెతికితే దొరికేది జేబులో పొట్లం ఉన్న కుర్రాడే, పోయేది మొత్తం బస్తీ నమ్మకం. రేపు అసలు అమ్మకందారు గురించి సమాచారం ఇవ్వవలసింది ఆ బస్తీయే. చట్టం కూడా ఇక్కడ తికమకగా ఉంది. మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణమే, ఇరవై కిలోల నుంచి వాణిజ్య పరిమాణం. అంటే అయిదు గ్రాముల విద్యార్థి, తొమ్మిది వందల గ్రాముల పెడ్లర్ ఒకే మెట్టు మీద నిలబడతారు. ఎండీఎంఏ అనే రసాయన మత్తుమందు అయితే అర గ్రాముకే చిన్న పరిమాణం ముగుస్తుంది, పది గ్రాములకే వాణిజ్య పరిమాణం మొదలవుతుంది. కాబట్టి కేసుల సంఖ్య పెరిగిందన్న వార్త చదివినప్పుడు ఆ కేసులు ఏ మెట్టువో చూడాలి.

సరఫరాను తెంచడం కష్టమైనది, నెమ్మదైనది, నా ఉద్దేశంలో సరైనది. ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యం నుంచి వచ్చే గంజాయి విజయవాడ రహదారి మీదుగా ఔటర్ రింగు రోడ్డు ఎక్కి మహారాష్ట్ర వైపు పోతుంది. నగరానికి మిగిలేది దారిలో దిగిన వాటా. ఈ కేసుల్లో 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీయడం, 50వ సెక్షన్ కింద శరీర సోదా విషయంలో హక్కు తెలియజేయడం వంటి పద్ధతులు తప్పితే ఎంత పెద్ద పట్టివేతైనా కోర్టులో వీగిపోవచ్చు. అక్రమార్జనతో కొన్న ఆస్తుల స్తంభనకు అదే చట్టం 68ఎఫ్ సెక్షన్‌లో అవకాశం ఇచ్చింది. పెడ్లర్ బెయిలు మీద వచ్చి మళ్లీ అదే పని చేయగలడు. ఇల్లు, కారు పోయిన వ్యాపారి మళ్లీ పెట్టుబడి పోగుచేసుకోవాలి.

సరఫరా ఒకచోట తెంచితే మరోచోట మొలవడానికి ధూల్‌పేట ఉదాహరణ. అక్కడ ఒకప్పుడు గుడుంబా ఇంటింటి పరిశ్రమ. తెలంగాణ ఏర్పడ్డాక ఆబ్కారీ శాఖ గట్టిగా పట్టుబట్టి దాన్ని అణచింది, తయారీ మానేసిన కుటుంబాలకు పునరావాసం కింద రెండు లక్షల చొప్పున ఇచ్చే పథకమూ తెచ్చింది. కొన్ని కుటుంబాలు వేరే పనులకు మళ్లాయి. కానీ కొనడానికి వచ్చేవాళ్లు, ఇరుకు గల్లీలు, తరాల నాటి చాటుమాటు నేర్పు అలాగే మిగిలి, ఆ ఖాళీలోకి గంజాయి వచ్చింది. చివరికి 2024లో ఆపరేషన్ ధూల్‌పేట పేరుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. దాడులకు పెట్టిన పట్టుదల పునరావాసానికీ అంతే కాలం పెట్టి ఉంటే కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.

వైద్యం లేకుండా సరఫరా మాత్రమే తెంచితే ఏమవుతుందో తెలంగాణకు తెలిసినంతగా మరే రాష్ట్రానికీ తెలియదేమో. ఆల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మాత్రల మందులు కలిపిన కల్లుకు అలవాటు పడినవారు నిజానికి కల్లుకు కాదు, ఆ మాత్రకు బానిసలు. 2015లో కల్తీ కల్లుపై ఆబ్కారీ శాఖ ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్ మొదలైన జిల్లాల్లో కల్లు దొరక్క జనం చేతులు వణకడం, మూర్ఛలు, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ తాకిడి పెరిగింది, మరణాలూ సంభవించాయి. పదేళ్ల తర్వాత 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో బోయినపల్లిలో ఒక పాఠశాల భవనంలోనే ఆల్ప్రాజోలం తయారు చేస్తున్న గుట్టును ఈగల్ బయటపెట్టింది. కింద తరగతులు, పైన రియాక్టర్లు. కల్లు కాంపౌండ్ మూయించమని అడిగే బస్తీ సంఘం, మూసిన మర్నాటి నుంచి ఆ బస్తీలో ఎవరికి వైద్యం కావాలో జాబితా కూడా పెట్టుకోవాలి.

చికిత్స దారిని చట్టమే తెరిచి ఉంచిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే అతణ్ణి ప్రాసిక్యూట్ చేయరు, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. దొరికినప్పుడు వకీలు కంటే ముందు వైద్యుణ్ణి కలవాలని నేను తల్లిదండ్రులకు చెప్పేది ఇందుకే. అయితే దారి తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరూ నడవరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వేను 2019లో విడుదల చేసినప్పుడు, నిషిద్ధ మత్తు పదార్థాలకు బానిసలైన ఇరవై మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది.

పోర్చుగల్, అమెరికాలోని ఓరెగాన్ పేర్లు ఈ చర్చలో తరచూ వినిపిస్తాయి, తరచూ తప్పుగానే. పోర్చుగల్ 2001 జూలైలో పది రోజుల వాడకానికి సరిపడే మొత్తం వరకు జైలు శిక్ష తీసేసింది గానీ, పట్టుబడినవాణ్ణి వదిలేయలేదు. న్యాయ, వైద్య, సామాజిక నిపుణుల సంఘం ముందుకు రప్పించింది, అమ్మకాన్ని నేరంగానే ఉంచింది. ఓరెగాన్ 2021లో శిక్ష తీసేసి, వంద డాలర్ల టికెట్ ఇచ్చి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అదీ మాఫీ అన్నది. ఫోన్ చేసినవాళ్లు అతి కొద్దిమంది. 2024 సెప్టెంబరులో మళ్లీ నేరంగా మార్చారు. పోలీసును తీసేయడం, ఉంచడం అన్నదానికంటే పట్టుబడిన మనిషి ఆ తర్వాత ఎవరి ముందు కూర్చుంటాడన్నదే అక్కడ తేడా తెచ్చింది. మన గోషామహల్ కౌన్సెలింగ్‌కు పోర్చుగల్ పద్ధతితో ఉన్న పోలిక ఎవరికీ తట్టినట్టు లేదు. తాగి నడిపినవాడికి ఉన్న ఆ మజిలీ గంజాయితో మొదటిసారి దొరికిన విద్యార్థికీ అంత క్రమబద్ధంగా ఉండాలని అడగడం న్యాయం.

రోడ్డు, మత్తు రెండూ కలిసే చోటు ఒకటుంది. 185వ సెక్షన్ మద్యానికే కాదు, బండిని అదుపులో ఉంచుకోలేనంతగా మత్తు పదార్థం తీసుకున్నవాడికీ వర్తిస్తుంది. బ్రీత్ ఎనలైజర్‌కు గంజాయి, ఎండీఎంఏ తెలియవు, దానికి లాలాజల పరీక్ష కిట్లు కావాలి. పబ్బులున్న ప్రాంతాల సంఘాలు నాకాబందీ కోరేటప్పుడు ఈ కిట్లను ప్రత్యేకంగా ప్రస్తావించాలి.

మీ పరిస్థితికి ఏది?

పార్కులో కుర్రాళ్లు గుమిగూడటమే సమస్య అయితే దాడి అడగకండి. దీపాలు, గస్తీ, తల్లిదండ్రుల సమక్షంలో కౌన్సెలింగ్ అడగండి. వాళ్లలో చాలామంది మన కాలనీ పిల్లలే, కేసు నమోదైతే పాస్‌పోర్టు, ఉద్యోగం దాకా వెంటాడుతుంది. ఫలానా ఫ్లాటుకు రాత్రిళ్లు కొత్త మనుషులు వచ్చి రెండు నిమిషాల్లో వెళ్లిపోతున్నారంటే అది అమ్మకం కావచ్చు. కాలనీ గ్రూపులో చర్చించకుండా 1908కు చెప్పండి. సమాచారం ఎవరిచ్చారో అధికారులు వెల్లడించనక్కర్లేదని ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. అదే సమయంలో పార్కింగ్ తగాదా మనసులో పెట్టుకుని తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయిస్తే అదే చట్టం 58వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంటుంది. ఫ్లాటు అద్దెకిచ్చిన యజమాని తెలిసీ ఊరుకుంటే 25వ సెక్షన్ అతడికీ వర్తిస్తుంది, కాబట్టి మొదటి మాట యజమానికి చెప్పడమే తరచూ త్వరగా పనిచేస్తుంది.

కళాశాలలు మూత్ర పరీక్ష కిట్లు కొనాలా అని అడుగుతుంటాయి. ఫలితం వచ్చాక ఏం చేస్తారో ముందు రాసి పెట్టుకున్న కళాశాలే కొనాలి. ఫలితం చూసి టీసీ ఇచ్చి పంపేసే చోట విద్యార్థి పరీక్షను తప్పించుకుంటాడు, స్నేహితులు అతడి గురించి చెప్పడం మానేస్తారు. తల్లిదండ్రులకు, వైద్యుడికి తప్ప మూడో మనిషికి తెలియదన్న హామీ ఉన్నచోట పరీక్ష మేలు చేస్తుంది. ఇంట్లోనే అనుమానం ఉన్నవారికి డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 ఉన్నాయి.

రాంగ్ రూట్‌కు ముందు యూటర్న్ దూరం కొలవండి. దగ్గరగా ఉన్నా ఎదురొస్తుంటే కెమెరా అడగండి, దూరమైతే డివైడర్‌లో దారి అడగండి. శనివారం రాత్రి తాగుబోతు డ్రైవింగ్‌కు నాకాబందీ, అదీ వేళ మారుస్తూ. అతివేగానికి లేజర్ గన్, స్పీడ్ బ్రేకర్. మైనర్లకు తల్లిదండ్రుల మీద చర్య. ఒక వినతిపత్రంలో ఒకే కోరిక రాయండి, ట్రాఫిక్‌ది ట్రాఫిక్ ఏసీపీకి, రోడ్డు మార్పుది జీహెచ్ఎంసీకి, మత్తుది స్థానిక స్టేషన్‌తోపాటు ఈగల్‌కు పంపండి. మూడు నెలల తర్వాత అదే అధికారిని మళ్లీ సమావేశానికి పిలిచినప్పుడు ఎన్ని చలానాలు రాశారు, ఎందరిని అరెస్టు చేశారు అని అడగకండి. రాసినవాటిలో ఎన్ని వసూలయ్యాయి, అరెస్టయినవారిలో అమ్మేవారెందరు, వాడేవారిలో ఎందరు చికిత్స పూర్తి చేశారు, ఆ మలుపు దగ్గర ప్రమాదాలు తగ్గాయా అని అడగండి. జవాబులను మినిట్స్ పుస్తకంలో తేదీతో రాసుకోండి.